యాకూబ్ కాక అడిగిన మూడు ప్రశ్నలు

యాకూబ్ కాక ఇక లేడన్న వార్త నాకు నా పొలం ఒడ్డున అందింది. అందించినవాడు ఓదెలు, ఆ పొలం దున్నే మనిషి. కాక కూతురు నస్రీన్ గోదావరిఖని నుంచి మా ఊరి బస్‌స్టేజీ దగ్గరున్న ఫోను బూత్‌కు చేసిందట. అక్కడ చాయ్ తాగుతున్న ఓదెలు ఆ కబురు పట్టుకొని ఎండలో నడిచి వచ్చాడు. "పటేలా, మీ యాకూబ్ కాక పొద్దుగాల పోయిండట. పగటీలి నమాజు అయినంక మట్టి ఇస్తరట. జల్ది రమ్మన్నరు" అన్నాడు. నాలుగు రోజుల కిందటే వాళ్ల క్వార్టరు ముందు కుర్చీలు వేసుకొని మాట్లాడుకున్నాం. దగ్గుతూ నవ్వుతూ, నా చొక్కాకు గుండీ ఊడిందని వెక్కిరించిన మనిషి ఇంతలోనే దివంగతుడవుతాడని ఎవరనుకుంటారు?

ఆ వెంటనే ఇంకో దెబ్బ తగిలింది. ఓదెలు తువ్వాలతో మొఖం తుడుచుకొని, "మంచి మనిషి. గీ ఒడ్డు మీదనే ఒక పూట నా తాన కూసుండి పోయిండు. నీకు ఎరుకనే కద" అన్నాడు. నాకు ఎరుక లేదు. ఎప్పుడు వచ్చాడని అడిగాను. "చానా ఏండ్లయింది పటేలా. ఏవో మూడు మాటలడిగి రాసుకున్నడు. సద్ది పెడితె తిన్నడు, పోయిండు."

ఆ మూడు మాటలేమిటో నాకు తెలుసు. అవే కాక నన్నూ అడిగాడు. ఓదెలు నిజం చెప్పి ఉంటాడు. నేను అబద్ధం చెప్పాను.

సంస్మరణ వ్యాసం రాసేవాళ్లు పోయినవారి సుగుణాలను కీర్తించి, రెండు కన్నీటి చుక్కలు రాల్చి చేతులు దులుపుకుంటారు. నాకు ఆ వెసులుబాటు లేదు. ఈ వ్యాసం ముగిసేలోగా ఆ మూడు ప్రశ్నలకు నిజమైన జవాబు నేను రాయాలి. రాయగలనో లేదో మొదలుపెడుతున్న ఈ క్షణాన నాకే తెలియదు.

ఎరగనివాళ్ల కోసం ఆయన గురించి కొంత చెబుతాను. మహ్మద్ యాకూబ్ రామగిరి దిక్కు ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి బండి చక్రాలకు ఇనుప పట్టాలు బిగించేవాడు. ఇంట్లో దక్కనీ, వాకిట్లో తెలుగు, మసీదు బడిలో ఉర్దూ అక్షరాలు. తెలుగు చదవడం మాత్రం బొగ్గుబాయిలో చేరాక, కార్మిక సంఘం కరపత్రాలు ముందు పెట్టుకొని కూడబలుక్కొని నేర్చాడు. వయసులో ఉన్నప్పుడు తట్ట, చెమ్మసు పార పట్టి బొగ్గు నింపాడు. పట్టాల మీద దొర్లే బొగ్గు టబ్బు నడుముకు తగిలాక లాంపు రూంలో తేలిక పని ఇచ్చారు. ఆ కిటికీ వెనక నిలబడే ఆయన రిటైరయ్యాడు.

లాంపు రూం సంగతి తెలియకపోతే ఆయన సంగతి తెలియదు. బాయిలోకి దిగే ప్రతి మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళను ఆ కిటికీలో ఇచ్చి, నెత్తికి తగిలించుకొనే బత్తి తీసుకుంటాడు. బిళ్ళ బోర్డుకు వేలాడుతుంది. షిఫ్టు అయ్యి పైకి వచ్చాక బత్తి అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్న మాట.

ఒకసారి అట్లా మిగిలిన బిళ్ళ నాది. మొదటి షిఫ్టులో నా మీద కప్పు కూలింది. నడుము వరకు బొగ్గులో కూరుకుపోయాను. నా జట్టువాళ్లు చేతులతో తవ్వుతున్నారు. పైన షిఫ్టు అయిపోయింది, అందరూ బిళ్ళలు తీసుకొని ఇళ్లకు పోతున్నారు. ఎవరో వచ్చి, "కొమురయ్య సగం బయటికొచ్చిండు, ఫికర్ లేదు, బిళ్ళ దించు కాక" అన్నారట. కాక దించలేదు. "సగం పైకొచ్చినోనికి బిళ్ళ ఇయ్యరు. మనిషి మొత్తం రావాలె, నా ముంగట నిలబడాలె" అన్నాడట. తన డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. నన్ను స్ట్రెచరు మీద తెచ్చినప్పుడు బిళ్ళ నా గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశాడు. ఆ ఇత్తడి చల్లదనం ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

దవాఖాన నుంచి వచ్చాక నేను ఆయనకు శిష్యుణ్నయ్యాను. ఆ గురువు పాఠం చెప్పే పద్ధతి మరెక్కడా ఉండదు. ఎనభైల నడిమి రోజులవి. అంతకుముందు సంఘం ఆఫీసులో రాజకీయ తరగతులు జరిగేవి. తర్వాత ఆఫీసుకు తాళం పడింది. నలుగురు ఒకచోట కూర్చుంటే పోలీసులు పేర్లు రాసుకొనేవాళ్లు, పేరెక్కిన మనిషి ఇంటికి రావడం గ్యారంటీ లేదు. అప్పుడు కాక అన్నాడు: "నలుగురం కూసుంటె మీటింగంటరు. నూరు మందిమి లైన్ల నిలబడితె డ్యూటీ అంటరు. లైన్లనే సదువుకుందాం."

తరగతి ఇట్లా నడిచేది. మా జట్టువాళ్లం ఎప్పుడూ ఒకే వరసలో నిలబడేవాళ్లం. బత్తి చేతికిచ్చేటప్పుడు కాక ఒక్కొక్కరికి ఒక్క వాక్యం చెప్పేవాడు. ఒక్కటే. మొదటివాడికి మొదటి వాక్యం, చివరివాడికి చివరి వాక్యం. కింద సద్ది తినే వేళ మేం వరసగా కూర్చొని ఎవరి వాక్యం వాళ్లం చెబితే పాఠం పూర్తయ్యేది. షిఫ్టు దిగాక బత్తి తిరిగి ఇస్తూ ఒక్కొక్కరం ఒక్క వాక్యంలో జవాబు చెప్పేవాళ్లం. పట్టణాల్లో మేధావులు లావు పత్రికల్లో వాదించుకొనే చర్చ, వలస పాలన నుంచి బయటపడ్డ మన దేశం పెట్టుబడిదారీ దేశమా లేక అర్ధ భూస్వామ్య, అర్ధ వలస దేశమా అన్న చర్చ, మేం ఆ కిటికీ దగ్గర నేర్చుకున్నాం. మార్క్సిజం అంతా నాకు బ్యాటరీ వాసనతోనే గుర్తుంది.

ఒక పాఠం జ్ఞాపకం ఉన్నంత రాస్తాను. "తెల్లదొర పోయిండు." "ఆయన తెచ్చిన రైలు, బాయి, చట్టం పోలే." "కుర్చీల మనిషి మారిండు, కుర్చి మారలే." "బాయిల కొత్త మిషను దిగింది, ఊళ్లె దొర గడీ అట్లనే ఉంది." "ఒక్క దేశంల రెండు కాలాలు బతుకుతున్నయి." "ఏ కాలం గెలుస్తదో చెప్పుడు మన పని." ఆ పాఠం విన్న నాడు బొగ్గు తవ్వుతూ నేను రెండు కాలాల నడుమ నిలబడ్డాననిపించి ఒళ్లు జలదరించింది. ఆ రోజు నా జవాబును మహాగంభీరంగా చెప్పాను: "ద్వంద్వాత్మక వైరుధ్య పరిణామమే విప్లవ ప్రసూతి." కాక బత్తి అందుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "నీ మాటకు జందెం ఎప్పుడు ఏసినవ్‌రా కొమురన్నా?" అన్నాడు. వెనక లైనంతా నవ్వింది. ఈ వ్యాసం చదివినా ఆయన అదే అనేవాడు.

మా పద్ధతిలో ఒక లొసుగు ఉంది. రద్దీలో కాక బిళ్ళ నంబరు చూసే వాక్యం చెప్పేవాడు, కాబట్టి ఎవరైనా నాగా పెడితే ఆ మనిషి వాక్యం ఎవరికీ అందేది కాదు. ఒకసారి నాలుగో స్థానంలో ఉండే నేను నాట్లకని ఊరికి పోయి మూడు రోజులు రాలేదు. ఆ రోజు పాఠం నేను లేకుండానే దిగింది. "భూమి లేకనే మనం బాయికొచ్చినం." "బాయిల మనకు చేతులు తప్ప ఏం లేవు." "చేతులు తప్ప ఏం లేనోనికి పోగొట్టుకునేది ఏముంది." తర్వాత నా ఖాళీ. ఆపైన ఐదోవాడు: "గందుకె మందిని నడిపేది బాయి మనిషే." మావాళ్లకు ఛాతీలు ఉబ్బాయి. రెండు రోజులు జట్టంతా అదే మాట. ఒకడు బొగ్గు టబ్బు మీద సుద్దముక్కతో "చేతులు తప్ప ఏం లేనోళ్లం" అని రాశాడు. ఆ టబ్బు పైకి వచ్చినప్పుడు కాక చూశాడు. తాను పంపిన పాఠం అది కాదు. లెక్కపెట్టి చూసుకుంటే నాలుగోది దారిలోనే పోయిందని తెలిసింది. ఆ వాక్యం ఇది: "గాని మనల చానా మందికి ఇప్పుడు ఊళ్లె పొలముంది, అది మనం దున్నుతలేం."

దగ్గు వచ్చేదాకా నవ్వాడని మిగతావాళ్లు చెప్పారు. నేను డ్యూటీకి వచ్చిన రోజు మాత్రం నవ్వలేదు.

"ఎందుకు నాగా పెట్టినవ్?"

"నాట్లు ఉండె కాక."

"ఎవరి నాట్లు?"

"మావే."

"ఎవరేసిన్రు?"

నేను బత్తి తీసుకొని ముందుకు నడిచాను. వెనక జనం తోస్తున్నారని సాకు.

ఆ సంభాషణ నుంచే ఆయన బృహత్కార్యం మొదలైంది. దేశం స్వభావం గురించి ఇతరుల పుస్తకాల్లో వెతికే బదులు మన ఊళ్లనే అడుగుదాం అన్నాడు. ఒక నోటుబుక్కు కుట్టించాడు. మనిషికి ఒక పేజీ. సెలవు నాడు ఊరికి పోయి వచ్చి మూడే ప్రశ్నలకు జవాబు రాయాలి. పొలం ఎవరిది? దున్నేది ఎవరు? పండింది ఎవరి ఇంటికి పోతది? నస్పూర్ క్వార్టర్ల నుంచి, వేరే బాయిల నుంచి కూడా మనుషులు పేజీలు నింపి తెచ్చారు. కొన్ని నెలలకు నోటుబుక్కు ఉబ్బిపోయింది.

మేమంతా అనుకున్న జవాబు ఒకటి, వచ్చిన జవాబు మరొకటి. దొర పొలం దొర చేతిలో ఉంటుందని అనుకున్నాం. దొరలు గడీలకు తాళాలేసి హైదరాబాదు పోయారు. వాళ్ల భూములు ఏజెంట్లు అమ్ముతున్నారు. కొంటున్నది ఎవరు? బాయి జీతగాళ్లు, అంటే మేమే. కొని, పాత దొర పద్ధతిలోనే సగం పాలుకు ఇచ్చి, పండుగకు పోయి ఒడ్డు మీద నిలబడి చూసుకుంటున్నాం. కాక రోజుల తరబడి ఆ పేజీల మీదే వంగి కూర్చున్నాడు. ఇంటికి పోతే జులేఖా చిన్నమ్మ, ఆయన భార్య, "దేఖో, మీ కాక నోటుబుక్కుతోని నిఖా చేసుకున్నడు" అని వెటకారం చేసేది. చివరికి ఆయన ఒక వ్యాసం రాశాడు. సారాంశం నా మాటల్లో ఇది: బొగ్గుగని ఇచ్చే కూలి కొత్త కాలానిది, ఆ కూలి ఊళ్లో భూమిలోకి పోయి పాత కాలపు దొరతనమవుతోంది. దేశాన్ని పెట్టుబడిదారీ అనడమూ పొరపాటే, అర్ధ భూస్వామ్యం అని పాత పాఠం వల్లించడమూ పొరపాటే. విప్లవానికి ముందు నడవవలసిన మనిషే వెనక నుంచి దాని కాలు పట్టుకొని ఉన్నాడు. ఆ సంగతి ఒప్పుకోకుండా ఏ గీత గీసినా తప్పే.

ఇక నా పేజీ. చెప్పక తప్పదు.

మా ఊరి బడి గోడ మీద జాజుతో "దున్నేవారిదే భూమి" అని రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత దొర ఏజెంటు దగ్గర చెరువు కింద పొలం కొన్నదీ నేనే. ఓదెలు తండ్రి, తాత ఆ మడి దున్నారు. కాగితం మాత్రం ఎన్నడూ వాళ్ల పేరు మీద లేదు. నేను కొనకపోతే ఇంకొకడు కొంటాడు అని నాకు నేను చెప్పుకున్నాను. "బాయిల అరిగిన నీ పెయ్యి ఎన్నొద్దులుంటది? గీ మడే రేపు కూడు పెట్టేది" అని నా ఇల్లాలు లచ్చవ్వ అంది. పట్టా ఆమె పేరు మీద చేయించాను. మరుసటి పంటకారులోనూ ఓదెలు దున్నడం మానలేదు. నన్ను పటేలా అని పిలవడం మాత్రం కొత్తగా మొదలైంది.

కాక నోటుబుక్కులో నేను ఇట్లా రాశాను: పొలం మాదే. దున్నేది నేనే, నాగాలు పెట్టి. పండింది మా ఇంటికే. ఎందుకు రాశానంటే భయం. అప్పట్లో ఊళ్లలో అన్నల పంచాయితీలు జరిగేవి. దున్నేవాడి నోటికాడి కూడు లాగినవాణ్ని చెట్టుకు కట్టిన సంగతులు విన్నాను. భయం ఒక్కటేనా అంటే కాదు, సిగ్గు కూడా. గోడ మీద నా అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

కాక వ్యాసం చేతులు మారి అడవిలో ఉన్న పార్టీవాళ్లకు చేరింది. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి ఒక మనిషి వచ్చాడు. ఖద్దరు సంచీ, కళ్లజోడు, మెత్తగా మాట్లాడే మనిషి. కాక క్వార్టరులో ముందుగదిలో ముగ్గురమే ఉన్నాం. చిన్నమ్మ చాయ్ ఇచ్చి తలుపు దగ్గరికేసింది. ఆయన నోటుబుక్కు అడిగి తీసుకొని పేజీ పేజీ చూశాడు. ఒకచోట ఆగాడు.

"కాక, నువ్వు చెప్పేదే నిజమైతే మనం ఎవరి మీద కొట్లాడాలె?"

"నేను గదే అడుగుతున్న."

"నువ్వు అడుగుతలేవు, తీర్పు చెప్పినవ్. తీర్పు చెప్పెటోడు అన్ని సాక్ష్యాలు చూపియ్యాలె." నోటుబుక్కు తిప్పి నా పేజీ చూపించాడు. "ఈ మనిషి బాయిల పని చేస్తడు, తనే దున్నుకుంటడు, తనే తింటడు. కార్మికుడు, రైతు ఒక్క పెయ్యిలనే ఉన్నరు. మన పంథా చెప్పేది గిదే కద. నీ వ్యాసంల ఈ పేజీ ఊసే లేదు. నీకు అడ్డమొచ్చిందని ఇడిసిపెట్టినవా? ఇది నిజాయితీయేనా?"

కాక మొఖం నల్లబడింది. నా పేజీ అడుగున ఉర్దూలో నాలుగు వరసలు రాసి ఉన్నాయి. వచ్చిన మనిషి వాటి మీద వేలు పెట్టి "ఇదేంది?" అని అడిగాడు. ఆయనకు ఉర్దూ రాదు, నాకూ రాదు. "ఏం లేదు, మా ఇంటి ముచ్చట" అన్నాడు కాక. తర్వాత నా వైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. ఆ కళ్లలో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. అది ఎందుకో నాకు ఆ రోజు అర్థం కాలేదు.

"కొమురన్నా, నువ్వే చెప్పు. నీ పేజీ నిజమేనా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"నిజమే కాక."

ఆయన తల ఊపాడు. వచ్చిన మనిషితో, "అయితె తప్పు నాదే. ఎనుకకు తీసుకుంటున్న" అన్నాడు.

అక్కడితో పోలేదు. నెల తిరగకుండా ఆయనను పోలీసులు పిలిపించారు. ఏ మార్గాన పోయిందో, వ్యాసం నకలు వాళ్ల బల్ల మీద ఉంది. కొట్టలేదు, తిట్టలేదు, కుర్చీ వేశారు. ఆ ఆఫీసరు అన్న మాటలు కాక నాకొక్కడికే చెప్పాడు: "మంచిగ రాసినవ్ తాతా. మీవాళ్ల తప్పు మీవాళ్లకే సూపెట్టినవ్. మేం అచ్చేసి ఊరూరా పంచుతం. కింద దస్కతు పెట్టు, నీ మీద కేసులన్నీ తీసేస్తం." కాక ఏమన్నాడో తెలుసా? "సారు, అది తప్పు రాత. తప్పని నేనే ఒప్పుకున్న. తప్పు రాత అచ్చేస్తె మీకే నామోషి" అన్నాడు.

ఇటువాళ్లకు తప్పని చెప్పాడు, అటువాళ్లకూ తప్పని చెప్పాడు. నిజమని నమ్మిన మాటను రెండు గుమ్మాల దగ్గర తానే కాదన్నాడు. "బయట పెడితె వీళ్లు ఆడుకుంటరు. లోపల పెడితె వాళ్లు ఇనరు. ఏ దిక్కు పోవాల్నో నువ్వే చెప్పురా" అన్నాడు నాతో, ఆ ఒక్కసారి. నేను నేల చూపులు చూశాను. దారి నా దగ్గరే ఉంది. ఒక్క మాట అంటే చాలు, కనీసం ఒక గుమ్మం ముందైనా ఆయన తలెత్తుకొనేవాడు. నేను అనలేదు.

ఆ తర్వాత కిటికీలో పాఠం ఆగిపోయింది. అదే వరసలో నిలబడేవాళ్లం. బత్తి ఇచ్చేటప్పుడు కాక ముఖం వైపు చూసేవాళ్లం. ఆయన బిళ్ళ నంబరు పలికి, బత్తి చేతిలో పెట్టి, "చలో" అనేవాడు. కింద సద్ది తినేటప్పుడు కొన్నాళ్లు అలవాటు కొద్దీ వరసగానే కూర్చున్నాం. చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. తర్వాత ఎవరి మూల వాళ్లం వెతుక్కున్నాం.

తొంభైలు వచ్చాయి. ఎక్కడో ఎర్రజెండా దిగిందని రేడియోలో విన్నాం. ఇక్కడ నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గుంతలు తెరుచుకున్నాయి, మా బాయిలో దిగే మనుషులు తగ్గి, బోర్డు మీద ఖాళీ కొక్కేలు పెరిగాయి. కాక రిటైరయ్యాడు. నేను వారానికోసారి పోయి కూర్చొనేవాణ్ని. అన్నీ మాట్లాడుకొనేవాళ్లం, ఆ ఒక్కటి తప్ప. పోయేముందు ప్రతిసారీ ఒకటే అడిగేవాడు: "ఏం కొమురన్నా, ఏమన్న చెప్పేదుందా?" ఆరోగ్యం గురించి, పిల్లల గురించి అడుగుతున్నాడని అనుకొని, ఏం లేదు కాక అనేవాణ్ని. పోవడానికి నాలుగు రోజుల ముందు కూడా అదే అడిగాడు. నేనూ అదే అన్నాను.

పొలం ఒడ్డు నుంచి ఉరికి, దొరికిన బస్సెక్కి ఖని చేరేసరికి జనాజా లేచింది. భుజం పట్టాను. ఖబరస్తాన్‌లో బాయి మనుషులు, మెకానిక్కులు, సంఘాలు విడిపోయి మాటలు మానేసుకున్నవాళ్లు పక్కపక్కనే నిలబడి పిడికెడు పిడికెడు మట్టి వేశారు. నల్లమట్టి, అడుగున బొగ్గు ఉన్న నేల. జీవితమంతా ఎవరు పైకి వచ్చారో ఎవరు రాలేదో చూసిన మనిషిని మేమే కిందికి దించాం.

మూడో రోజు ఫాతిహా అయ్యాక చిన్నమ్మ నన్ను ఆగమంది. గోధుమపిండి డబ్బాలోంచి గుడ్డలో చుట్టిన నోటుబుక్కు తీసింది. "కొమురయ్యకు ఇయ్యి అన్నడు బేటా. ఇంకెవరికి ఇయ్యొద్దన్నడు." నేను గుడ్డ విప్పుతుంటే నస్రీన్ అందుకొని నా పేరున్న పేజీ తెరిచింది. ఆ ఉర్దూ వరసలు చదివి తెలుగులో చెప్పింది:

"ఈ పేజీ అబద్ధం. నేను పోయి చూసొచ్చిన. దున్నేది ఓదెలు, తాత కాలం నుంచి. కొమురయ్య చెడ్డోడు కాదు, భయపడ్డడు. పేరు బయటపడితె వాని పాణానికి ముప్పు. తనే దిద్దుకోవాలె. జాగ ఇడిసిన."

ఆ అమ్మాయి ఆగి, "అన్నా, ఏం పేజీ ఇది? ఏం దిద్దాలె?" అంది. ఉర్దూ వరసల కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

అంటే ఆ మధ్యాహ్నం నన్ను అడిగేనాటికే ఆయనకు అంతా తెలుసు. అబద్ధమని తెలుసు కాబట్టే నా పేజీని వ్యాసంలోకి రానివ్వలేదు. నిజాయితీ లేనివాడివన్న మాట ఎదురుగా పడ్డాడు. "ఓదెలును అడిగి రండి" అని ఒక్క ముక్క అంటే ఆయన వ్యాసం నిలిచేది, నేను ఏ చెట్టు కిందనో నిలబడేవాణ్ని. ఏళ్ల తరబడి కట్టుకున్న సిద్ధాంతం ఒక వైపు, అబద్ధాలకోరు శిష్యుడి ప్రాణం ఒక వైపు. ఆ మహానుభావుడు నన్ను ఎంచుకున్నాడు. ఎంచుకొని, ఇన్నేళ్లూ ప్రతి వారం, ఏమన్న చెప్పేదుందా అని అడిగాడు.

ఇంతవరకు రాసి ఆపి, నిన్న నోటుబుక్కు తీసుకొని ఊరికి పోయాను. పొలం ఒడ్డున కూర్చొని, ఓదెలు చూస్తుండగా కాక వదిలిన జాగాలో రాశాను. ఇదిగో, అందరికీ తెలిసేట్టు ఇక్కడా రాస్తున్నాను. పొలం ఎవరిది? కాగితం లచ్చవ్వ పేరు మీద ఉంది, చెమట ఓదెలు ఇంటిది. దున్నేది ఎవరు? ఓదెలు. నేను ఒక్కనాడూ నాగలి పట్టలేదు. యాకూబ్ కాక రాసిన వ్యాసం నిజం, అది తప్పని చెప్పించిన అబద్ధం నాది.

రాసింది పైకి చదివి వినిపించాను. ఓదెలు బీడీ ముట్టించుకొని విన్నాడు. "మంచిగనే రాసినవ్ పటేలా. మరి ఈ కారు వడ్లు ఎవలింటికి పోతయి?" అన్నాడు. మూడో ప్రశ్న అదే.

"నీ ఇంటికే" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

"పట్టా?"

పట్టా ఓదెలుకు రాసిద్దామని ఉదయం బయలుదేరేటప్పుడే లచ్చవ్వకు చెప్పాను. ఆమె అరవలేదు. "నీ నడుము పోయి పదేండ్లాయె. రేపు బాయి నిన్ను ఎళ్లగొడితె మనం ఏడ పడాలె? కాగితం నేనియ్య" అంది. ఆమెది తప్పని అనే నోరు నాకు లేదు. కప్పు కూలి ఆ నడుము ఎట్లా పోయిందో ఆమెకూ తెలుసు, ఓదెలుకూ తెలుసు. ఓదెలు బీడీ ఆర్పి లేచి మడిలోకి దిగాడు. మూడో ప్రశ్న ఎదుట సగం జవాబే రాసి నోటుబుక్కు మూశాను.

కాకా, నీవంటి గురువు, నీవంటి నిర్మలహృదయుడు ఈ బొగ్గునేల మీద మళ్లీ పుట్టడని రాయడం తేలిక. చదివేవాళ్లు తల ఊపుతారు. నువ్వు మాత్రం ఊపవు. లచ్చవ్వ ముందు రేపు మళ్లీ కూర్చుంటాను, ఎల్లుండి మళ్లీ కూర్చుంటాను. ఆ మిగిలిన సగం రాసేదాకా నా బిళ్ళను బోర్డు మీదనే ఉండనీ. సగం పైకి వచ్చినవాడికి బిళ్ళ ఇవ్వరు.